పరిశుద్ధం, పవిత్రం, మడి మూడూ ఒకటేనా? (ఇంటి కూటానికి నాలుగు వారాల పాఠం)

రాయగడ_కూటం:

అందరికీ వందనాలు. మాది రాయగడ. శనివారం సాయంత్రం ఇంటి కూటంలో దేవుని పరిశుద్ధత మీద నాలుగు వారాలు పాఠం చెప్పాలి. వారానికి 45 నిమిషాలు దొరుకుతుంది. వచ్చేది పన్నెండు, పదిహేను మంది. సగం మంది చేతిలో తెలుగు బైబిలు, సగం మంది చేతిలో ఒడియా బైబిలు. పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా.

చిక్కులు మూడు ఉన్నాయి. మనం పరిశుద్ధాత్మ అంటే ఒడియాలో పవిత్ర ఆత్మ అంటారు. మార్కు 1:23లో మనకు అపవిత్రాత్మ, వాళ్లకు అశుచి ఆత్మ. మరి పవిత్రం, పరిశుద్ధం ఒకటేనా, కాదా?

రెండోది, పరిశుద్ధంగా బతకడం అంటే ఏమిటని అడిగితే వచ్చే జవాబులు ఇవి: తెల్లచీర, నగలు తీసెయ్యడం, సినిమాలు మానడం, రథయాత్ర రోజుల్లో పక్కింటివాళ్లు ఇచ్చింది తినకపోవడం. "అయితే మనదీ మడే కదా" అన్నాడో కుర్రాడు. వాడికి ఏం చెప్పాలి?

మూడోది ఉజ్జా. బండి మీద వెళ్తున్న మందసం (దేవుని ఆజ్ఞల పలకలున్న పెట్టె) పడిపోకుండా పట్టుకున్నవాణ్ని దేవుడెందుకు చంపాడని పిల్లలు వదలడం లేదు.

వాక్యం ఆధారంగా చెప్పండి. "ప్రార్థన చెయ్యండి, అర్థమవుతుంది" అనేది మాత్రం వద్దు, అది చేస్తూనే ఉన్నాం.

—

పలకా_బలపం:

ముందు మాట సంగతి తేల్చుకోండి, మిగతా రెండు చిక్కులూ సగం అక్కడే వీడిపోతాయి.

లేవీయకాండము 10:10 తెరవండి. యాజకులు రెండు జతల మధ్య తేడా కనిపెట్టాలని అక్కడ ఉంది. మొదటి జత దేవునికి ప్రతిష్ఠించినది, సామాన్యమైనది. రెండో జత శుచి, అశుచి. హీబ్రూలో ఈ నాలుగింటికీ నాలుగు వేరు మాటలు: కోదెష్, హోల్, తాహోర్, తామే. ఒడియా బైబిలు "పవిత్ర" అనే మాటను మొదటి జతకు వాడి, రెండో జతకు శుచి, అశుచి అంది. తెలుగు బైబిలు మొదటి జతకు పరిశుద్ధం, ప్రతిష్ఠితం అని పెట్టుకుని, పవిత్రం, అపవిత్రం అనే మాటల్ని ఎక్కువగా రెండో జతకు ఇచ్చింది. అంటే మీ గదిలో ఒకే మాట రెండు అరల్లో ఉంది. ఒడియా చదివే అమ్మాయి "పవిత్ర" అన్నప్పుడు ఆమె ఉద్దేశం మన పరిశుద్ధం. అదే మాట వినగానే తెలుగు చదివే పెద్దాయనకు తోచేది శుభ్రం.

పలక మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి నాలుగు గళ్లు చెయ్యండి. ఇంట్లో అన్నం కుండ ఏ గడిలోకి వస్తుందని అడగండి. సామాన్యం, కానీ శుచి. ఆ గడి ఉందని తెలిస్తే చాలు. సామాన్యం అంటే మురికి కాదు, పరిశుద్ధం అంటే బాగా తోమినది కాదు.

దీనికి ఆధారం కావాలంటే, బైబిల్లో "పరిశుద్ధపరచు" అనే క్రియ మొదట కనిపించేది ఆదికాండము 2:3లో. దేవుడు పరిశుద్ధపరచింది ఏడో దినాన్ని. రోజుకు మురికేముంది, కడగడానికి? నిర్గమకాండము 3:5లో మోషే నిలబడ్డది గొర్రెలు మేసిన నేల మీదే. దాన్ని ఎవరూ ఊడ్చలేదు, అలకలేదు. దేవుడు అక్కడున్నాడు కాబట్టి అది పరిశుద్ధ స్థలం. ఇంకా గట్టి ఉదాహరణ ఆదికాండము 38:21. అక్కడ గుడి వేశ్య అనే అర్థంలో వచ్చే మాట కెదేషా, అదీ ఇదే ధాతువు. ధాతువు చెప్పేది "ఎవరికి చెందినది" అనే గాని "ఎంత మంచిది" అని కాదు. మంచితనం ఎక్కడినుంచి వస్తుందంటే, చెందినది ఎవరికో ఆయన గుణం నుంచి.

దేవుడే పరిశుద్ధుడు అన్నప్పుడు ఆయన ఇంకెవరికో చెందాడని కాదు, ఆయనలాంటివాడు మరొకడు లేడని (1 సమూయేలు 2:2). ఇక్కడ హోషేయ 11:9 తప్పకుండా చదవండి. ఎఫ్రాయిమును, అంటే ఇశ్రాయేలును, నాశనం చెయ్యను, ఎందుకంటే నేను మనిషిని కాను, మీ మధ్యనున్న పరిశుద్ధుణ్ని అంటాడు. మనిషైతే కోపం తీర్చుకునేవాడు. అంటే పరిశుద్ధత అక్కడ జాలికి కారణమైంది. పరిశుద్ధుడు అనగానే బెత్తం పట్టుకున్న మాస్టారు గుర్తొచ్చేవాళ్లకు ఈ ఒక్క వచనం చాలు.

ఒక చిన్న సవరణ కూడా. యెషయా 6:3లో సెరాపులు అనే రెక్కల దూతలు "పరిశుద్ధుడు" అని మూడుసార్లు అంటారు. "బైబిల్లో మూడుసార్లు వచ్చే మాట ఇదొక్కటే" అని ప్రసంగాల్లో వింటుంటాం. అది తప్పు. యిర్మీయా 7:4లో "యెహోవా ఆలయము" మూడుసార్లు వస్తుంది, 22:29లో "దేశమా" మూడుసార్లు. దేవుని గుణాల్లో మూడుసార్లు చెప్పింది ఇదొక్కటే అనండి, అప్పుడు సరి. మనం పచ్చపచ్చగా, పెద్దపెద్ద అని జంటగా అంటాం కదా, హీబ్రూలోనూ గట్టిగా చెప్పాలంటే అదే పద్ధతి. ఆదికాండము 14:10లో కీలు (తారు) గుంటలు విస్తారంగా ఉన్నాయని చెప్పడానికి "గుంటలు గుంటలు" అనే ఉంది. సెరాపులకు రెండుసార్లు చాలలేదు.

—

మహేంద్రతనయ_ఒడ్డు:

మడి ప్రశ్నకు నేను చెప్తాను. మాది పర్లాకిమిడి. ఇక్కడ ఏ ఇంట్లోనైనా ఆ మాట అర్థమవుతుంది గనుక దాన్ని వాడుకోవడమే మంచిది. వెక్కిరించడానికి మాత్రం వాడకండి. లేవీయకాండము 15 చదివితే స్నానం, బట్టలు ఉతకడం, సాయంత్రం దాకా ఆగడం అన్నీ అందులోనూ ఉన్నాయి. కుర్రాడు అడిగింది తెలివైన ప్రశ్న.

తేడా ఏ దిక్కున పాకుతుంది అన్నదాంట్లో ఉంది. మడి బట్టకు మైల బట్ట తగిలితే మడి పోతుంది గాని మైల పోదు. హగ్గయి 2:11-13లో ప్రవక్త యాజకుల్ని అడిగిందీ ఇదే. చెంగులో ప్రతిష్ఠిత మాంసం కట్టుకుని వెళ్తుంటే ఆ చెంగు రొట్టెకో నూనెకో తగిలింది, అది ప్రతిష్ఠితం అవుతుందా? కాదన్నారు. శవాన్ని ముట్టినవాడు వాటిని ముట్టుకుంటే? అపవిత్రం అవుతాయన్నారు. పరిశుద్ధత అంటదు, అపవిత్రత అంటుతుంది.

ఇప్పుడు మార్కు 1:41కి రండి. యేసు కుష్ఠరోగిని ముట్టుకున్నాడు. మాటతో బాగుచెయ్యగలిగినవాడు చెయ్యి చాపి మరీ ముట్టుకున్నాడు. అపవిత్రత ఆయనకు అంటలేదు, రోగికే శుద్ధి కలిగింది. మార్కు 5లో రక్తస్రావం ఉన్న స్త్రీ విషయంలోనూ అంతే. లేవీయకాండము 15:25-27 ప్రకారం ఆమె కూర్చున్న పరుపును ముట్టినా అపవిత్రమే. ఆమె ఆయన వస్త్రాన్ని ముట్టింది, ఆయన ఆమెను "కుమారీ" అన్నాడు.

కాబట్టి కుర్రాడికి జవాబు ఇది: మడిని మనం కాపాడుకోవాలి, క్రీస్తు పరిశుద్ధత మనల్ని కాపాడుతుంది.

పక్కింటివాళ్లు ఇచ్చే తిండి గురించి 1 కొరింథీయులకు 10:25-28లో నేరుగా ఉంది. సంతలో అమ్మేది ఏదైనా అడక్కుండా కొని తినండి, భోజనానికి పిలిస్తే పెట్టింది తినండి, "ఇది అర్పించింది" అని ఎవరైనా చెప్తే చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినకండి. మానేది ఎదుటివాడి కోసమే గాని అది మనకు అంటుకుంటుందనే భయంతో కాదు. వద్దనాల్సివస్తే గుమ్మంలో నిలబెట్టి ఉపన్యాసం ఇవ్వకుండా, చేతులు జోడించి మర్యాదగా చెప్పి, వాళ్ల పిల్లల కబుర్లు అడిగి పంపండి.

—

పలకా_బలపం:

మహేంద్రతనయ గారూ, బాగా చెప్పారు గాని "పరిశుద్ధత అంటదు" అని అక్కడితో వదిలేస్తే నిర్గమకాండము 29:37 చదివినవాడు పట్టుకుంటాడు. బలిపీఠానికి తగిలేదంతా ప్రతిష్ఠితమవుతుందని అక్కడ ఉంది. 30:29లో ప్రత్యక్షపు గుడారపు ఉపకరణాల గురించీ అదే మాట.

రెంటికీ పొసగదా అంటే, పొసుగుతుంది. హగ్గయి అడిగింది రెండో చేయి సంగతి. మాంసం నుంచి చెంగుకు, చెంగు నుంచి రొట్టెకు. అక్కడికి వచ్చేసరికి ఆగిపోతుంది. బలిపీఠం మొదటి చేయి. మత్తయి 23:19లో యేసు కూడా అర్పణను పరిశుద్ధపరచేది బలిపీఠమే అన్నాడు. కుష్ఠరోగిని ముట్టిన చెయ్యి బలిపీఠం లాంటిది, చెంగు లాంటిది కాదు.

దీనివల్ల మీ కూటానికి పనికొచ్చే మాట ఒకటి దొరుకుతుంది. తాతగారు మిషను కాలం నాటి విశ్వాసి, నాన్న సంఘపెద్ద, ఇంట్లో పాస్టరు గారు ప్రార్థించి ఇచ్చిన నూనె సీసా ఉంది. ఇవన్నీ చెంగులే. మంచివే, కానీ వాటి ద్వారా రొట్టెకు ఏమీ అంటదు. మూడు తరాల క్రైస్తవ ఇళ్లల్లో పిల్లలు చల్లబడిపోవడానికి ఒక కారణం ఇదే, వాళ్లను చెంగు దగ్గరే ఆపేస్తాం.

—

మహేంద్రతనయ_ఒడ్డు:

ఒప్పుకుంటున్నాను. నా వాక్యంలో "చేతులు మారితే అంటదు" అని దిద్దుకోండి.

—

సంత_కాటా:

తెల్లచీర ప్రశ్నకు ఎవరూ పోలేదు. నేను పోతాను, తిట్టుకోకండి.

1 తిమోతి 2:9 నగలతో పాటు "మిగుల వెలగల వస్త్రముల"నూ వద్దంది. గాజులు తీసేసి, గాజుల కంటే ఖరీదైన తెల్ల పట్టుచీర కడితే ఆ వచనంలో సగమే పాటించినట్టు. రంగు తెలుపే, బిల్లు చూస్తే తెలుస్తుంది. నిరాడంబరంగా ఉండటం మంచిది, ఎవరైనా మనస్ఫూర్తిగా నగలు మానేస్తే గౌరవించాలి. కానీ అది కొలబద్దగా మారినప్పుడు ఒక తేడా జరుగుతుంది. కంటికి కనబడేది కాబట్టి దాన్ని కొలవడం సులువు. కనబడనివి, అంటే తూకం, కూలి, నాలుక, కొలత నుంచి తప్పించుకుంటాయి.

"మీరు పరిశుద్ధులై యుండవలెను" అన్న లేవీయకాండము 19 అధ్యాయంలో నగల ఊసే లేదు. ఏముందో చూడండి. 9-10 వచనాల్లో పొలం ఓరలు పూర్తిగా కోయకూడదు, పరిగె ఏరుకోకూడదు, అది బీదలకు. ఓర ఎంత వదలాలో ధర్మశాస్త్రం చెప్పలేదు. తర్వాతి కాలపు యూదు బోధకులు అరవయ్యో వంతుకు తగ్గకూడదన్నారు. 13లో కూలివాడి కూలి తెల్లవారే దాకా నీ దగ్గర ఉండకూడదు. 14లో చెవిటివాణ్ని తిట్టకూడదు, గుడ్డివాడి ముందు అడ్డం వెయ్యకూడదు. 16లో కొండెములు చెప్పకూడదు. 32లో తల నెరసినవాడి ముందు లేచి నిలబడాలి. 34లో పరదేశిని నీలాగే ప్రేమించాలి. 35-36లో త్రాసు, గుండ్లు, తూము, పడి న్యాయంగా ఉండాలి. హీబ్రూలో ఏఫా, హీను అని ఉన్న కొలతలివి. ఏఫా సుమారు 22 లీటర్లు, హీను అందులో ఆరో వంతు.

సంతకు కొండ దిగి వచ్చే చింతపండు, పసుపు, జీడిపిక్కలు, కొండచీపుర్ల దగ్గర ఈ వచనాలు చదివి చూడండి. తక్కెడలో ఖాళీ తట్టలు సమంగా లేకపోతే తేలిక తట్టకు పాసంగం (చిన్న బరువు) కట్టి సరిచెయ్యాలి. అది కట్టకుండా బరువైన తట్టను గుండ్ల వైపు పెట్టుకున్నవాడు గుండ్లు మార్చకుండానే దొంగ. ఎలక్ట్రానిక్ కాటాలో మోసం ఇంకా మెత్తగా ఉంటుంది. సరుకు పెట్టకముందు అంకె సున్నా చూపించాలి, చూపించకుండా చేటను అడ్డం పెడతారు. గోనె తూస్తే కిలో ఉండదు, చీటీలో తరుగు రెండు కిలోలు రాస్తారు. అమ్మే ఆవిడకు చదువు రాదు. 14వ వచనంలోని గుడ్డివాడి ముందు అడ్డం వెయ్యడం అంటే ఇదే.

వ్యాపారం చేసే విశ్వాసులు కూటంలో ఉంటే పరిశుద్ధత వాళ్లకు ఇలా మొదలవుతుంది: కాటా అంకె అమ్మేవాళ్ల వైపు తిప్పి పెట్టాలి. గోనెను వాళ్ల ముందే విడిగా తూచి, ఉన్న బరువే తియ్యాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా, గుండ్లకు రెండేళ్లకోసారి తూనికల శాఖ ముద్ర వేయించాలి. ఊడ్పులకో కోతలకో పిలిచినవాళ్లకు "సోమవారం రా" అనకుండా ఆ సాయంత్రమే డబ్బివ్వాలి. చిల్లర లేదన్న సాకు రాకుండా పొద్దున్నే మార్చి ఉంచుకోవాలి. ఇప్పటిదాకా తక్కువ ఇచ్చింది గుర్తుంటే తిరిగివ్వాలి. లేవీయకాండము 6:5 లెక్క అసలు, దాని మీద అయిదో వంతు. 100 రూపాయలు నొక్కేస్తే 120 తిరిగి ఇవ్వాలి, అదీ అర్పణ తెచ్చే రోజే.

ఇవేవీ చెయ్యకుండా "పరిశుద్ధుడు, పరిశుద్ధుడు" అని చేతులెత్తి పాడితే గొంతు బాగుంటుంది, అంతే.

—

రాయగడ_కూటం:

సంత గారూ, మాటలు ఘాటుగా ఉన్నా పాసంగం ఉదాహరణ మాత్రం వాడుకుంటాను. కానీ ఒక అనుమానం. ఈ జాబితా చదివితే కుర్రాళ్లు "ఇదంతా చేస్తేనే దేవుడు ఒప్పుకుంటాడా" అంటారు. తెల్లచీర బదులు కాటా పెట్టినట్టు అవదా? ఉజ్జా గురించి కూడా ఎవరూ చెప్పలేదు.

—

మోతకర్ర:

ఉజ్జా గురించి చెప్తాను, చిన్నగానే.

చెయ్యి చాపడం చివరి తప్పు. మొదటి తప్పు బండి. మందసానికి నాలుగు ఉంగరాలు, బంగారు రేకు తొడిగిన రెండు తుమ్మకర్ర మోతకర్రలు ఉన్నాయి. వాటిని ఎప్పుడూ తియ్యకూడదు (నిర్గమకాండము 25:12-15). గుడారపు సామాను మోసే లేవీ శాఖలు మూడు. సంఖ్యాకాండము 7:6-9లో వాళ్లలో గెర్షోనీయులకు రెండు బళ్లు, మెరారీయులకు నాలుగు బళ్లు ఇచ్చారు. కహాతీయులకు ఒక్కటీ ఇవ్వలేదు, మందసంలాంటి పరిశుద్ధ వస్తువుల్ని వాళ్లు భుజాల మీద మొయ్యాలి గనుక. ముట్టుకుంటే చస్తారని 4:15లో ముందే రాసి ఉంది. కొత్త బండి పద్ధతి ఫిలిష్తీయులది (1 సమూయేలు 6:7). మందసం అబీనాదాబు ఇంట్లో ఏళ్ల తరబడి ఉండి ఇంటి సామానులా అలవాటైపోయింది. బండి తోలింది ఆ ఇంటివాళ్లే.

పిల్లలకు కరెంటు ఉదాహరణ చెప్పకండి. కరెంటుకు మనసు లేదు, ఉజ్జా దేవుడికి ఉంది. ఆ తర్వాత మూడు నెలలు అదే మందసం ఓబేదెదోము ఇంట్లో ఉంటే ఆ ఇల్లు ఆశీర్వాదం పొందింది. దావీదు తప్పెక్కడో వెతికి కనుక్కుని, 1 దినవృత్తాంతములు 15:13లో "విధి ప్రకారం చెయ్యలేదు" అని ఒప్పుకుని, రెండోసారి భుజాల మీద మోయించాడు. కథ అక్కడిదాకా చెప్పండి. చావు దగ్గర ఆపేస్తే పిల్లల ప్రశ్న తీరదు.

—

పలకా_బలపం:

రాయగడ గారి అనుమానం సరైనదే. జవాబు వరసలో ఉంది. లేవీయకాండము 19లో "నేను యెహోవాను" అనే మాట రెండో వచనం వదిలేసినా 15 సార్లు వస్తుంది. వచ్చినప్పుడల్లా పెన్సిలుతో గీత గీయించండి. ఐగుప్తు నుంచి రప్పించాను అన్న మాట కూడా 36లో తూకం రాళ్ల పక్కనే ఉంది. ముందు రప్పించడం, తర్వాత తూకం. కొరింథులో తగువులు, జారత్వం, కోర్టు కేసులు అన్నీ ఉన్నా పౌలు మొదటి పత్రిక 1:2లోనే వాళ్లను "పరిశుద్ధపరచబడినవారు" అన్నాడు. ఆరో అధ్యాయంలో తిట్టడం దాని మీద నిలబడే. హెబ్రీయులకు 10:14లో రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి: సదాకాలానికి సంపూర్ణుల్ని చెయ్యడం అయిపోయింది, పరిశుద్ధపరచబడటం ఇంకా సాగుతోంది. మొదటిదాన్ని వదిలితే పిల్లలకు భయం పట్టుకుంటుంది. రెండోదాన్ని వదిలితే కాటా గారికి కోపం వస్తుంది.

వారాలు ఇలా పంచుకోండి. మొదటి వారం నాలుగు గళ్లు, తర్వాత యెషయా 6:1-8. వరస గమనించమనండి: చూశాడు, "అయ్యో" అన్నాడు, నిప్పు తగిలింది, ఆ తర్వాతే "నన్ను పంపుము" అన్నాడు. ఏ పెదవులు అపవిత్రమన్నాడో నిప్పు అక్కడే తగిలింది. ఆరో వచనంలో "కారుతో తీసిన నిప్పు" అంటే పటకారు అని ముందే చెప్పండి, లేకపోతే పిల్లలు బండి అనుకుని నవ్వుతారు. రెండో వారం హగ్గయి, బలిపీఠం, మార్కు 1. ఉజ్జా కథ ఆ వారమే చెప్పండి. మూడో వారం లేవీయకాండము 19 మొత్తం, 37 వచనాలు. తలా మూడు చదివితే సరిపోతుంది. నాలుగో వారం 1 పేతురు 1:13-19. "సమస్త ప్రవర్తనయందు" అన్న మాట దగ్గర ఆగి, ఒక్కొక్కరు తమ పనిలో ఒకే ఒక్క చోటు కాగితం మీద రాసుకోవాలి. పైకి చదవొద్దు. చదివిస్తే ఒప్పుకోలు పోటీగా మారుతుంది, చిన్న పాపాలే బయటికొస్తాయి.

45 నిమిషాల్లో చదవడానికి 10, మాట్లాడుకోవడానికి 25, ప్రార్థనకు 10. చెడేది ఎప్పుడూ మధ్య భాగమే. ఎవరో ఒకరు పక్క సంఘం గురించి మొదలుపెడతారు. "లేవీయకాండము 19:16" అని వేలు చూపించండి చాలు.

పాపంలో మళ్లీ మళ్లీ పడే కుర్రాడు విడిగా వచ్చి అడుగుతాడు, సాధారణంగా ఫోను సంగతే. 1 యోహాను 1:9 చెప్పి పంపెయ్యకండి. రాత్రి ఫోను వంటింట్లో ఛార్జింగు పెట్టమనండి, వారానికోసారి అడిగే పెద్దమనిషి ఒకరిని చూపించండి. రోమా 6:19లో అవయవాల్ని పరిశుద్ధతకు అప్పగించమన్నాడు. చెయ్యి ఎక్కడుంటుందో చూడటం కూడా అందులో భాగమే.

—

రాయగడ_కూటం:

వందనాలు అందరికీ. ఒక్క సందేహం మిగిలింది. ప్రార్థన నడిపేటప్పుడు ఏ మాట వాడాలి, పవిత్రమా, పరిశుద్ధమా?

—

మహేంద్రతనయ_ఒడ్డు:

ప్రార్థనలో ఎవరి మాట వాళ్లు వాడుకోనివ్వండి. పాఠం చెప్పేటప్పుడు మాత్రం "దేవుడు పరిశుద్ధుడు, ఒడియాలో పవిత్ర" అని రెండూ కలిపి ఒకసారి, "శుచి, తెలుగులో పవిత్రం" అని ఒకసారి అనండి. పలక మీద గళ్లల్లో రెండు లిపుల్లోనూ రాసి నాలుగు వారాలూ చెరపకుండా ఉంచండి. ఒడియా గడులు ఆ బడిపిల్లల చేతే రాయించండి, అక్షరాలు మనకంటే వాళ్లకే బాగా వచ్చు.

—

సంత_కాటా:

సుద్దముక్క డబ్బులు కూటం ఖాతాలో రాసుకోండి, బాకీ పెట్టకండి.